కాస్త సర్దమన్నారు

మధ్యాహ్నం భోజనం అయ్యాక మధురవాడలో మా బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకు నిద్ర కాని నిద్ర ఒకటి పడుతుంది. కింద క్యాబుల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, కానీ నేను మాత్రం మా మెడికల్ కాలేజీ పై అంతస్తులో, కమిటీ గదిలో ఉంటాను. పొడుగాటి బల్ల, చల్లారిపోయిన టీ కప్పులు, కిటికీలోంచి సముద్రం. పోర్టులోకి వెళ్ళే వంతు కోసం లంగరు వేసుకుని నిలబడ్డ ఓడలు. ఎండమసకలో సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. ఓడలు గాల్లో నిలిచి ఉన్నట్టుంటాయి. బల్లకి అటువైపు ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, ఒక్కోసారి ఏడుస్తూ, ఒక్కోసారి నన్ను కొరికేసేలా చూస్తూ. పెదవులు కదులుతుంటాయి గానీ మాట వినపడదు. ఇంకాస్త ముందుకు వంగుతాను, మెలకువ వచ్చేస్తుంది.

మొన్న అలా మెలకువ వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. "మేడమ్, పరిశోధనలో తప్పుడు పనులు చేశారని వచ్చే ఫిర్యాదులు చూసే కమిటీలో నన్ను వేశారు. ఇదేం పని మేడమ్? పోలీసు పనా, పంతులు పనా?" అని అడిగింది. రెండూ కాదన్నాను. మరేమిటంటే ఫోన్లో చెప్పడం చేతకాలేదు. రాసి పంపుతానన్నాను. ఇదిగో, ఇదే.

ఈ పని ఎవరి నెత్తిన పడుతుంది

ముందు ఉన్న మాట చెప్పుకుందాం. ఈ కమిటీ బాధ్యత నాకిచ్చింది నా గొప్పదనం చూసి కాదు. పెద్ద డాక్టర్లందరికీ సాయంత్రమైతే ప్రాక్టీసు ఉంటుంది. నాది ఫిజియాలజీ, నా దగ్గరకి ఏ రోగీ రాడు. "సరోజిని మేడమ్ ఖాళీయే కదా" అన్నారు ఎవరో. అంతే, రిటైరయ్యేదాకా నేను ఖాళీగానే ఉన్నాను.

నాన్న విజయనగరం అవతల పల్లెటూరి నుంచి పోర్టులో పనికి వచ్చిన మనిషి. ఇంట్లో మేం నాను, ఏటి అనేవాళ్ళం. కాలేజీ గేటు దాటగానే నేను, ఏమిటి మొదలయ్యేవి. ఏళ్ళ తరబడి రెండు నాలుకలతో బతికాను. పోనుపోను ఏది నా సొంత గొంతో నాకే అనుమానం వచ్చేది.

ఫిర్యాదుల్లో చాలావరకు ఆకాశరామన్న ఉత్తరాలే. ఇప్పుడు ఈమెయిల్లో వస్తున్నాయి, పేరు మాత్రం ఆయనదే. ఇంకొకరి పేరాలు ఎత్తి రాసుకున్నవాళ్ళని పట్టుకోవడం తేలిక, ఆ పని కంప్యూటరే చేసేస్తుంది. కొలవని వాటిని కొలిచినట్టు రాసినప్పుడే మనకి పని పడుతుంది. కుళ్ళుతో రాశాడని తెలిసినంత మాత్రాన ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో పడేయొద్దు. కుళ్ళుబోతు కూడా నిజం రాయొచ్చు, మంచివాడు కూడా పొరబడొచ్చు. నేను చెప్పబోయే సంగతిలో రాసినవాడు పొరబడ్డాడు. అయినా అతను తలుపు కొట్టిన ఇల్లు సరైనదే.

ఎంతమంది నూకాలమ్మలు

హేమ మా దగ్గర జనరల్ మెడిసిన్‌లో పీజీ చేసేది. చీపురుపల్లి దగ్గర రైతు కుటుంబం. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్ళోనే మొదటి డాక్టరు. సన్నగా, మాట పైకి రాకుండా ఉండేది. జాలరిపేటలో బీపీ ఉన్న ఆడవాళ్ళని ఎంచుకుని, ఎండుచేపలు, ఉప్పు తగ్గించమని చెప్పి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ బీపీ కొలిచి చూడడం తన థీసిస్. దాదాపు అందరికీ తగ్గిందని తేల్చింది. గైడు వెంకటరత్నం గారు. అమలాపురం వైపు మనిషి, మెత్తటి మాట, మంచి చెయ్యి. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆయన దగ్గరకే వెళ్ళేవాళ్ళం.

ఫిర్యాదు ఏమిటంటే, ఆ రోగులెవరూ లేరని. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందని, గదిలో కూర్చుని టైపు చేసిందని. బయట రాష్ట్రం నుంచి ఒక నిపుణుడిని వీడియోలో కూర్చోబెట్టారు. ఆయన తెర మీద వేలు పెట్టి "ఒకే మనిషిని ఇన్నిసార్లు అంటించారు, చూడండి" అన్నారు. నూకాలమ్మ, భర్త అప్పలరాజు. దాని కింద నూకాలమ్మ, భర్త అప్పలరాజు. ఇంటిపేరు కూడా అదే.

నాకు నవ్వు ఆగలేదు. ఈ తీరంలో ఆడపిల్ల పుడితే గ్రామదేవత నూకాలమ్మ పేరో పోలమ్మ పేరో పెట్టుకుంటారు. మగపిల్లాడు పుడితే సింహాచలం అప్పన్న పేరు. ఇంటిపేర్లు కూడా పేట మొత్తానికి గుప్పెడే. ఇది ఆయనకి ఎలా తెలుస్తుంది? తెలియకపోవడం తప్పు కాదు గానీ, అడగకుండా వేలు పెట్టడం నాకు నచ్చలేదు.

కమిటీలో ఉన్న సర్జన్ రఘు గారిని వెంటబెట్టుకుని ఒక పొద్దున జాలరిపేట వెళ్ళాను. ఆయన కారు దిగి కూడా ఫోన్ చూసుకుంటూనే ఉన్నారు. పడవలు ఒడ్డెక్కి ఉన్నాయి. ఆరబోసిన చేపల మీంచి వేడి గాలి లేచి అవతలి ఇళ్ళు, మనుషులు నీళ్ళలో కనబడ్డట్టు వణుకుతున్నారు. నాన్న చెయ్యి పట్టుకుని ఇలాంటి ఒడ్డునే ఎప్పుడో నడిచినట్టు గుర్తు, అది నిజమో కలో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఆ మైకంలోనే నిలబడి గట్టిగా పిలిచాను.

"నూకాలమ్మా!"

చేప కోస్తున్నావిడ తలెత్తింది. బుట్ట నెత్తికెత్తుకోబోతున్నావిడ ఆగింది. తల దువ్వించుకుంటున్నావిడ, దువ్వుతున్నావిడ ఇద్దరూ తిరిగారు. ఒక ఇంట్లోంచి ముసలి గొంతు "ఏటే!" అంది. రఘు గారు ఫోన్ జేబులో పెట్టేసుకుని పడీపడీ నవ్వారు.

"ఏ నూకాలు కావాలి డాట్రమ్మా? పొడుగు నూకాలా, సోడాకొట్టు నూకాలా, మెట్లకాడ నూకాలా?" అంది బుట్ట ఆవిడ.

"సేతికి పట్టీ కట్టి బీపీ సూసీ గుంట ఒకర్తి వచ్చీది కదా, ఎరుగుదురా?" అన్నాను. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో.

"మిషను గుంటా? ఎరక్కపోడమేటి! మా ఇంటికాడే బువ్వ తినీది."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరింట్లో కూర్చుందో, ఎవరి మనవరాలికి జడ వేసిందో చెప్పారు. రోగులున్నారు, హేమ వచ్చింది, పట్టీ కట్టింది. "అయిపోయింది మేడమ్, ఫిర్యాదు కొట్టేద్దాం" అని రఘు గారు కారు వైపు తిరిగారు. నా గుండె తేలికపడింది.

అప్పుడు చేప కోస్తున్నావిడ, ఆవిడే మెట్లకాడ నూకాలట, కత్తిపీట మీంచి లేవకుండానే అంది.

"ఓలమ్మ, ఆ గుంటనేటీ అనకండి. నాకు తగ్గకపోతే ఆ గుంటేటి సేత్తాది?"

"తగ్గలేదా?"

"ఏటి తగ్గినాది? రెండోపాలి సూసినప్పుడు ముందుకన్నా ఎక్కువే ఉన్నాదని ఆ గుంటే మొకం సిన్నబుచ్చుకున్నాది. ఎండుసేప మానీమంటే గంజిలోకి ఏటి నంజుకుంటాం? తల తిరుగుడు అలగే ఉన్నాది."

హేమ థీసిస్‌లో బీపీ తగ్గని నూకాలమ్మ ఒక్కరూ లేరు. ఆసుపత్రికి రమ్మని ఆవిడకి గట్టిగా చెప్పాను. "వత్తానులే" అంది, చేపల మీంచి చూపు తిప్పకుండా. కారులో రఘు గారు, "మనల్ని అడిగింది పేర్ల గురించే కదా మేడమ్" అన్నారు. బీచ్ రోడ్డు పొడవునా ఆ మాట నాతోనే వచ్చింది.

ఆ ఒక్క మాట

హేమని నా గదికి పిలిచాను. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. థీసిస్ వెనక్కి పోతే ఈసారి పరీక్ష రాయనివ్వరు. వాళ్ళ ఊరి పక్క ఆసుపత్రిలో ఉద్యోగం మాట్లాడి పెట్టుకుంది, అదీ పోతుంది. వాళ్ళ నాన్న అప్పటికే ఊరందరికీ చెప్పేశాడట.

"నేను పద్ధతి ప్రకారమే చేశాను మేడమ్" అంది, పుస్తకంలో చూసి చదివినట్టు.

"మెట్లకాడ నూకాలుకి తగ్గలేదంట కదేటి?" అన్నాను.

ఉలిక్కిపడి చూసింది. నా నోట ఆ భాష ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. గొంతు సవరించుకుని "నేను..." అంది. ఆగింది. "నాను..." అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలేజీ తెలుగులో అబద్ధం ఎంతసేపైనా నిలబడుతుంది గానీ, నాను అన్నాక మావాళ్ళకి అబద్ధం చెప్పడం మహా కష్టం. నాకది అనుభవం మీద తెలుసు.

"నాను కొలిసినవి కొలిసినట్టే తీసుకెళ్ళి సార్‌కి సూపించినాను మేడమ్. కొందరికే తగ్గినాది. మిగతాళ్ళకి అలగే ఉన్నాది. సార్ సూసి, ఇదేంటమ్మా ఇలా ఉంది, కాస్త సర్దమ్మా అన్నారు. నాను సర్దినాను."

"సర్దడమంటే?"

"రెండోపాలి కొలతలు తగ్గించి రాసీసినాను."

"అసలువి ఉన్నాయా?"

"ఫోన్లో ఉన్నాయి మేడమ్. తీసీబుద్ధి కాలేదు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా ఆ మాటే నా చుట్టూ తిరిగింది. సర్దడం. పొద్దున పక్కబట్టలు సర్దుతాం, ప్రయాణమైతే పెట్టె సర్దుతాం. సిటీ బస్సులో "కాస్త సర్దుకోండమ్మా" అంటే ఇద్దరి సీట్లో ముగ్గురం కూర్చుంటాం. మొగుడూ పెళ్ళాల మధ్య గొడవ సర్దుతాం, చుట్టాలు ఎక్కువొస్తే వండిన అన్నమే అందరికీ సర్దుతాం. ఎంత మంచి మాట అది! అమ్మ నోట్లో, అత్తగారి నోట్లో విని విని పెరిగాం. సర్దుకుపోయే పిల్ల అంటే మంచి పిల్ల అని అర్థం. అలాంటి పిల్లని తీసుకొచ్చి అంకెల ముందు కూర్చోబెట్టి సర్దమంటే సర్దకుండా ఎలా ఉంటుంది?

వెంకటరత్నం గారిని అడిగితే నొచ్చుకున్నారు. "అయ్యో, నేను టేబుల్ సర్దమన్నానండీ. వరసలు వంకరటింకరగా ఉన్నాయండి. అంకెలు సర్దమని ఏ మాస్టారైనా అంటాడాండీ?"

ఆయన ముఖం చూస్తే నమ్మాలనిపించింది. కాసేపు నమ్మాను కూడా. తర్వాత అడిగాను. "వరసలు సర్దితే బీపీ తగ్గదు కదా సార్. మళ్ళీ తెచ్చినప్పుడు అందరికీ తగ్గి ఉంటే మీకు ఆశ్చర్యం వేయలేదా?"

కిటికీలోంచి ఓడల వైపు తిరిగారు. "బాగుందనుకున్నానండి" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పారని నేను ఇవాళ్టికీ అనను. పెద్ద కుర్చీలో ఎక్కువ కాలం కూర్చుంటే కొన్ని మాటలు అలవాటైపోతాయి. అవి ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. పని జరిగిపోతుంది, చెప్పినవాడి చేతికి మట్టి అంటదు. నాకు ఆయన మీద అసలు కోపం ఆ మాట అన్నందుకు కాదు, సర్దాక వచ్చిన కాగితం చూసి బాగుందనుకున్నందుకు. కొత్తగా వచ్చే పీజీలకి నేను చెప్పేది ఒక్కటే. పైవాడు సర్దమంటే, "ఏది సర్దమంటారు సార్?" అని నలుగురిలో, పైకి అడగండి. ఆయన ముఖం మాడిపోతుంది. మాడనివ్వండి.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించారు. "పేర్లు నిజమేనని తేలిందిగా మేడమ్. పిల్ల భవిష్యత్తు ఉంది, రత్నం గారా, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు. మీరే కాస్త సర్దండి" అన్నారు. ఆయన ఏ మాట వాడారో ఆయనకి తెలియలేదు. నేను నవ్వలేదు, ఎందుకంటే అప్పటికి నా మనసు కూడా అటే జారుతోంది. ఆ పిల్ల నాను అన్నప్పటి ముఖం కళ్ళలోంచి పోవడం లేదు. మా నాన్నకి చదువుకున్న కూతురినై నేను ఇంటికి వెళ్ళిన రోజు గుర్తొస్తోంది. ఒక్క సంతకంతో ఇంకో తండ్రికి ఆ రోజు లేకుండా చేయాలా అని నలిగిపోయాను.

ఆఖరి సమావేశం

ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. థీసిస్ వెనక్కి తీసుకున్నారు. హేమ ఆ విడత పరీక్ష పోగొట్టుకుంది, ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. తర్వాతి విడతలో ఉన్న కొలతలు ఉన్నట్టు రాసింది. ఉప్పు తగ్గించమని చెప్పినంత మాత్రాన జాలరిపేటలో ఎక్కువమందికి బీపీ తగ్గలేదని, వాళ్ళ కూడూ వాళ్ళ పనీ చూడకుండా చెప్పే సలహా పని చేయదని రాసింది. పాసైంది. వెంకటరత్నం గారికి కూడా బాధ్యత ఉందని నేను రాస్తే, మిగతావాళ్ళు దాన్ని "మరింత శ్రద్ధ వహించవలసినదిగా సూచన" అని నీరుగార్చారు. ఆయనకి పూలదండలతో వీడ్కోలు జరిగింది. పిల్లకి శిక్ష, పెద్దాయనకి సూచన. నేను ఒప్పుకోలేదని విడిగా రాసి ఇచ్చాను. ఎవరైనా చదివారని నేననుకోను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అయితే ఈ తీర్పు మా కమిటీ గొప్పగా ఇచ్చినదేమీ కాదు. ఆ రోజు మేం కూర్చునేటప్పటికి కేసు మూసేయడానికే అందరూ సిద్ధంగా ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు, రఘు గారు, పక్కన వెంకటరత్నం గారు. నేను నోరు విప్పాలా వద్దా అని ఇంకా ఊగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం, గదిలో ఏసీ చప్పుడు, బయట తెల్లటి వెలుగు. అందరి రెప్పలూ బరువుగా ఉన్నాయి. మామూలుగా చేసినట్టే హేమని లోపలికి పిలిచి, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు. లేదు అంటే చాలు. ఆ పిల్ల డాక్టరై ఊరికి వెళ్ళిపోతుంది.

హేమ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కాలేజీ తెలుగు ఎక్కడో వదిలేసి వచ్చినట్టుంది.

"నిన్న నాను జాలరిపేట ఎల్లినాను సార్."

"ఎందుకు?" అన్నారు ప్రిన్సిపాల్.

"మీకు బీపీ తగ్గినాదని నాను రాసింది అబద్దమని సెప్పడానికి."

రఘు గారి చేతిలో ఫోన్ బల్ల మీదకి జారింది.

"నా థీసిస్ సూసి, పేటలో మన కాలేజీ పెట్టీ క్యాంపులో ఆళ్ళకి బీపీ మాత్తర్లు ఆపీసినారు సార్. తగ్గిపోనాది, ఇంకెందుకని. ఆళ్ళకి తగ్గలేదు."

ఇన్ని సమావేశాలు పెట్టుకున్నాం. పేర్ల గురించి మాట్లాడుకున్నాం, పిల్ల డిగ్రీ గురించి, పెద్దాయన పరువు గురించి, కాలేజీ పేరు గురించి మాట్లాడుకున్నాం. ఆ ఆడవాళ్ళ మాత్రల సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరం డాక్టర్లమే. నాకు సిగ్గేసింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

వెంకటరత్నం గారు కళ్ళజోడు తీసేశారు. "ఎవరెవరికి ఆపారమ్మా?" అన్నారు. అది గైడు గొంతు కాదు. మా ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు వినే గొంతు.

"అందరికీ సెప్పినాను సార్. ఇప్పుడు కింద ఓపీలో కూకుని ఉన్నారు."

"మా నిర్ణయం వచ్చేదాకా ఆగలేకపోయావా?" అన్నారు ప్రిన్సిపాల్. కోపంగా కాదు, నిజంగానే బాధపడుతూ. "పేటంతా చెప్పేశాక ఇంక మేం నిన్నెలా కాపాడతాం?"

"మీరెప్పుడు సెప్తారో నాకు తెలదు సార్. ఆళ్ళు మాత్తర రోజూ వేసుకోవాల కదా."

కమిటీ తరఫున అడగాల్సిన ప్రశ్నలేవీ నాకు గుర్తు రాలేదు. ఒక్కటే అడగగలిగాను.

"ఆళ్ళేటన్నారమ్మా?"

హేమ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తిట్నారు మేడమ్. సానా తిట్నారు. మెట్లకాడ నూకాలైతే కొడతాదనుకున్నాను. తిట్టీ తిట్టీ అలిసిపోయి, అందరూ ఇసకలో కూకున్నారు. కూకుని, ఒకర్తి తరవాత ఒకర్తి సెయ్యి సాపినారు."

"దేనికి?"

"మళ్ళీ సూడమని."